వాగు అడుగు నిలిస్తే గట్టు నిలుస్తుంది



2024 సెప్టెంబరు 1వ తేదీని బెజవాడవారు మరచిపోలేరు. బుడమేరు మళ్లింపు కాలువ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. సింగ్‌నగర్ మొదలైన పేటలు రోజుల తరబడి నీళ్లలో వుండిపోయాయి. మరునాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల 43 వేల క్యూసెక్కులతో పారింది. సైన్యం వచ్చి, ఇనుప తీగ బుట్టలలో రాళ్లు నింపి, ఆఖరి గండిని మూసేసరికి 7వ తేదీ అయింది.

పెద్ద కాలువ సంగతి ప్రభుత్వం చూచుకోవాలి. మన కళ్లెదుట వున్నది చిన్న వాగు. మైలవరం, జి.కొండూరు మెట్టల మీద పడిన వాన వాగులై బుడమేరులో చేరుతుంది. బుడమేరు పోయి కొల్లేటిలో కలుస్తుంది. పైన కోసుకుపోయిన మట్టి కింద మేట వేస్తుంది. మేట పడిన కాలువ కొద్దిపాటి నీటికే పొంగుతుంది. కావున మెట్టరైతు తన వాగును కాపాడుకుంటే డెల్టా రైతుకు గూడా మేలు జరుగుతుంది.

గ్రావెలో, రాయో తవ్విన గోతులను పూడ్చి, చదును చేసి సాగుకు తెచ్చుకున్న భూములున్నాయి గదా! అటువంటి చోట వాగు దాటే దారి ఎలా వేసుకోవాలో ఈ పూట చెప్పుకుందాం.

పాత నేలకూ పోసిన నేలకూ తేడా ఏమిటంటారా? పాత నేలలో వేళ్లు అల్లుకొని వుంటాయి, మట్టి ఏళ్ల తరబడి అణగి వుంటుంది. పోసిన మట్టి గుల్ల. నీరు తగిలితే పంచదారలా జారిపోతుంది. పైగా పూడ్చకుండా వదిలిన గొయ్యి వాగు పక్కన వుంటే మరీ ప్రమాదం. వాగు ఆ గోతిలోకి దూకుతుంది. దూకిన చోట ఒక మెట్టు పడుతుంది. ఆ మెట్టు అక్కడే ఆగదు, వాన వానకూ ఎగువకు నడుస్తుంది. అడుగు లోతైన కొద్దీ రెండు గట్లూ నిలువుగా మిగిలి, పెళ్లలు పెళ్లలుగా విరిగిపడతాయి. మనం గట్టు విరిగిందని గట్టు మీద మట్టి పోస్తాం. మరుసటి వానకు అదీ పోతుంది. జబ్బు గట్టుది కాదు, అడుగుది. ముందు అడుగును నిలపాలి.

నీటి బలం తక్కువదని అనుకోవద్దు. వేగం రెట్టింపయితే, అది దొర్లించగల రాయి బరువు సుమారు 64 రెట్లు పెరుగుతుందని లెక్క. అందుచేత నీటి వేగం పెంచే పని ఏదీ మనం చేయరాదు.

ఇక దారి సంగతి. వాగు తిన్నగా పారే చోటు చూచుకోవాలి, వంపులో వద్దు. వీలయినంతవరకు పోసిన మట్టిని విడిచి, గట్టి నేల దొరికే చోట దాటాలి. దారి వాగుకు అడ్డంగా, సూటిగా వుండాలి. ఏటవాలుగా వేస్తే నీరు దారి వెంటపడి ఒక గట్టును కోస్తుంది.

పొలం బండికీ, ట్రాక్టరుకూ రాతి చప్టా చాలు. దాని పైభాగం వాగు అడుగుతో సమంగా వుండాలి. ఎత్తు చేశామా, అది చిన్న ఆనకట్ట అవుతుంది; నీరు పైనుంచి దూకి దిగువన గొయ్యి చేస్తుంది. చప్టా నడుమ పల్లంగా, రెండు కొసలూ ఎత్తుగా వుండాలి. అప్పుడు వరద నడుమ నుంచే పోతుంది, చప్టా చుట్టూ తిరిగి గట్టును తెంపదు. దిగువ వైపు నేలలోకి లోతుగా రాతి అంచు దింపాలి. పెద్ద రాళ్ల కింద సన్నకంకర పరవాలి, లేకుంటే రాళ్ల సందుల్లోంచి మట్టి లాగుకుపోయి రాయి కుంగుతుంది.

సిమెంటు గొట్టాలు వేసి పైన మట్టి పోయడం చాలామందికి అలవాటు. ఒకటి రెండు సన్న గొట్టాలకు కంపా తాటిమట్టలూ అడ్డం పడితే నీరు పక్కకు తిరుగుతుంది. ఒక్క రాత్రిలో దారీ పోతుంది, పక్క చేనూ పోతుంది.

వాగులో మెట్టు పడివుంటే రాతికట్టలు వేయాలి. ఎత్తు రెండడుగులకు మించవద్దు. దిగువ కట్ట తల, ఎగువ కట్ట పాదానికి సమమట్టంలో వుండాలి. ప్రతి కట్టకూ నడుమ పల్లం వదిలి, కొసలు గట్టులోకి చొప్పించాలి.

గట్టును నిలువుగా వుంచక వాలు చెక్కాలి: ఎత్తు ఒక పాలయితే వాలు రెండు పాళ్లు. తొలకరిలో వట్టివేరు పిలకలను దగ్గర దగ్గరగా, వాలుకు అడ్డంగా వరుసలు నాటాలి. నీటి అంచున వావిలి కొమ్మలు గుచ్చితే నాటుకుంటాయి. ఆ ఒక్క ఏడూ పశువులను ఆపితే తరువాత గట్టు తన్ను తాను చూచుకుంటుంది.

చప్టాకు దిగే బండిదారి గూడా వానకు కాలువే అవుతుంది. అక్కడక్కడ అడ్డంగా చిన్న మిట్టలు వేసి, ఆ నీటిని గడ్డిలోకి మళ్లించాలి.

ఇంకొక మాట. వాగు ప్రభుత్వ పోరంబోకు. రాయి వేయకముందే పంచాయతీకి చెప్పి, జలవనరుల శాఖ ఇంజనీరుకు చోటు చూపించి అనుమతి పొందాలి. ఎగువ రైతునూ దిగువ రైతునూ పిలవాలి. ఒకరు ఎత్తు చేసిన దారి మరొకరికి ముంపు కారాదు. గ్రామసేవకు వచ్చే విస్తరణోద్యోగులు ఈ ముగ్గురినీ ఒకచోట కూర్చోబెడితే సగం పని అయినట్లే.

చప్టా వేయగానే పని అయిపోలేదు. దిగువ అంచున ఒక గుంజ పాతి, అడుగు మట్టం దగ్గర గీత గీయండి. పెద్ద వాన వెలిసిన మరునాడు పార పట్టుకొని వెళ్లి చూడండి. గీత కింద గుంజ బయటపడిందా, అడుగు దిగుతున్నదన్నమాట. అప్పుడు నాలుగు బండ్ల రాయితో పోయేది, రెండేళ్లు ఆగితే ఎకరం చేను అడుగుతుంది. ఇక చప్టా మీద నీరు పారేటప్పుడు మాత్రం బండి తోలవద్దు. ఒక పూట ఆగితే పని ఆగుతుంది, ప్రాణం వుంటుంది.