పడవకు పిట్టగోడ
(రేడియో ప్రసంగ పాఠము)

 

నేటి ధ్యానమునకు ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనము తీసుకుందాం. మీ దగ్గర బైబిలు ఉంటే తెరిచి పెట్టుకోండి. అది చాలా చిన్న ఆజ్ఞ. కొత్త ఇల్లు కట్టుకున్నవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని, అక్కడనుండి ఎవరైనా పడితే ఆ రక్తాపరాధము ఆ ఇంటిమీదికి రాకూడదని దాని భావము. దేవుడు కొత్త ఇల్లు వద్దనలేదు, గమనించండి. కట్టుకో అన్నాడు. కట్టుకున్నప్పుడు దానితోపాటు పిట్టగోడ కూడా కట్టమన్నాడు.

ఈ వాక్యము ఎందుకు తీసుకున్నానో చెబుతాను. ఈమధ్య మన కార్యక్రమానికి ఒక ఉత్తరం వచ్చింది. కూనవరం అవతల, శబరి వచ్చి గోదావరిలో కలిసే ప్రాంతములోని ఒక సహోదరుడు వ్రాశాడు. డోర్నకల్‌లో ఉన్న మనకు పొద్దున్నే రైలు కూత వినబడుతుంది, పడవ ఇంజను చప్పుడు వినబడదు. అయినా మన జంక్షనులోనే భద్రాచలం రోడ్డు వైపు లైను చీలుతుంది. ఆ లైను చివర కొత్తగూడెంలో దిగి బస్సెక్కితే గోదావరి గట్టు చేరతాము. ఆ గట్టుమీదివారు మనకు పరాయివారు కారు.

ఆ సహోదరుడు ఇలా వ్రాశాడు. "అయ్యగారూ, మాకు మా నాయన చేయించిన చెక్క పడవ ఉంది. మొదట గడతోను తెడ్డుతోను నడిపేవాళ్లం. తరువాత చిన్న డీజిలు ఇంజను పెట్టించాము. మేము గుడికి పోవాలన్నా, మిరపకాయలు ఒడ్డుకు చేర్చాలన్నా, చుట్టాలను తెచ్చుకోవాలన్నా అదే. 2022 వరదలో మా ఇంటివాళ్లను, పక్కింటివాళ్లను దాంట్లోనే మెరకకు చేర్చాము. ఇప్పుడు మా పెద్దోడు పెద్ద ఇంజను పెడదాం, పైన ఇనప చట్రంతో ఇంకో అంతస్తు వేసి కుర్చీలు, పాటల పెట్టె పెడదాం, సెలవుల్లో జనాన్ని తిప్పితే అప్పు తీరిపోతుంది అంటున్నాడు. నా భార్య మాత్రం ముందు అడుగు పలకలు మార్పించండి, రెండు చోట్ల మెత్తబడ్డాయి అంటుంది. కింద పలకలు ఎవరికి కనబడతాయమ్మా అని వాడంటాడు. ఇంట్లో రోజూ ఇదే మాట. దేవుని చిత్తమేదో చెప్పండి."

ప్రియులారా, ఈ ఉత్తరము పడవ ఉన్నవారికి మాత్రమే సంబంధించినది కాదు. అయితే ముందు పడవ సంగతే మాట్లాడుకుందాం. పడవ సంగతి తిన్నగా అర్థమైతే మన సంగతి దానంతట అదే అర్థమవుతుంది.

మొదటి మాట. పడవ కలిగి ఉండడము, దాన్ని బాగుచేసుకోవడము పాపము కాదు. మన ప్రభువు శిష్యులలో కొందరు పడవలున్న కుటుంబాలవారు. జెబెదయి ఇంటివారికి సొంత దోనె ఉంది, జీతగాండ్రు కూడా ఉన్నారని మార్కు 1వ అధ్యాయములో చదువుతాము. ప్రభువు సీమోను దోనెలోనే కూర్చుండి బోధించాడు. 1986లో కరువు వచ్చి గలిలయ సముద్రము నీళ్లు వెనక్కి పోయినప్పుడు, ఇద్దరు అన్నదమ్ములు బురదలో ఒక పాత పడవను కనుగొన్నారు. వారు కూడా జాలరులే. అది సుమారు ప్రభువు కాలమునాటిది. పొడవు 8 మీటర్లకు కొంచెం పైన, వెడల్పు 2 మీటర్లకు కొంచెం పైన. పరీక్షించినవారు ఆశ్చర్యపడిన సంగతి ఏమిటంటే, ఆ ఒక్క పడవలో పది పన్నెండు రకాల కర్ర ఉంది! అంటే దాని యజమానులు ఒక్కసారి చేయించి వదిలిపెట్టలేదు. పాడైన చోటల్లా దొరికిన కర్రతో అతుకు వేసుకుంటూ సంవత్సరాల తరబడి నడుపుకున్నారు. ఆ పడవలో మనకు కనబడే పనితనమంతా అతుకుల్లోనే ఉంది. పేద యజమాని భక్తి కూడా చాలాసార్లు అలాగే ఉంటుంది.

రెండవ మాట. పైన పెంచే ముందు కింద చూడాలి. ఏ సరంగునైనా అడగండి, బరువు అడుగున ఉంటే పడవ నిలుస్తుంది, బరువు పైకెక్కితే పడవ ఒరుగుతుంది అని చెబుతాడు. పైన ఒక అంతస్తు వేసి దానిమీద ఇరవైమందిని కూర్చోబెట్టారనుకోండి. ఒడ్డున ఏదో వింత కనబడింది, అందరూ ఒక్కసారిగా ఒక పక్కకు లేచారు. అడుగున ఉన్నప్పుడు కొంచెము ఊగి ఊరుకొనే పడవ, పైన బరువున్నప్పుడు తిరిగి లేవదు. పెద్ద ఇంజను వెనక భాగాన బిగిస్తే ఆ భాగము నీళ్లలోకి దిగుతుంది. అల వెనకనుండి లోపలికి వస్తుంది. మెత్తబడిన పలకమీద ఫైబరు పూత వేసి రంగు కొడితే చూపుకు కొత్తదే. లోపల కర్ర మాత్రం చీకుతూనే ఉంటుంది, పైగా అది ఇక కంటికి కనబడదు.

దేవుని బిడ్డలారా, ఆ తల్లి మాట ఎంత విలువైనదో చూడండి. కింద పలకలు ఎవరికి కనబడతాయి అని కొడుకు అడిగాడు. నీళ్లకు కనబడతాయి నాయనా! మనుషులు పై అంతస్తు చూస్తారు. నది అడుగు పలకనే చూస్తుంది.

మూడవ మాట. బలము పెంచినంత మాత్రాన దూరము పెరగదు. నీటిని చీల్చుకొని పోయే పడవకు దాని పొడవును బట్టి ఒక వేగము ఉంటుంది. ఆ వేగము దాటించాలని ఎంత పెద్ద ఇంజను పెట్టినా, అది ముందు పెద్ద అలను లేపుతుంది, వెనక డీజిలు తాగుతుంది, వేగము మాత్రము కొంచెమే పెరుగుతుంది. కాబట్టి ఇంజను కొనకముందు పడవను కొలవాలి.

నదిని కూడా కొలవాలి. దీనికి మన ప్రాంతములోనే ఒక పెద్ద సాక్ష్యము ఉంది. సర్ ఆర్థర్ కాటన్ దొర 1847 నుండి 1852 వరకు ధవళేశ్వరము ఆనకట్ట కట్టించాడు. ఆ కాలువలు పొలాలకు నీళ్లిచ్చాయి, వాటిమీదనే ధాన్యపు పడవలు కూడా నడిచాయి. అదే ఉత్సాహముతో గోదావరి ఎగువ భాగాన్ని కూడా పడవల దారి చేయాలని, మధ్య పరగణాల పత్తిని సముద్రము దాకా తేవాలని ఆనాటి ప్రభుత్వము తలపెట్టింది. హేగ్ అనే ఇంజనీరు దుమ్ముగూడెములో ఉండి ఆ పని చేయించాడు. రాతి అడ్డంకులు దాటించడానికి ఆనకట్ట, పక్క కాలువ కట్టించారు. అయితే నదిలో రాళ్లు ఒక చోట కాదు, చాలా చోట్ల ఉన్నాయి. ఎండాకాలములో నీళ్లు లేవు. ఖర్చు మీద ఖర్చు పెరిగింది. చివరకు 1871లో ఆ పని నిలిపివేశారు. గోపురము కట్టబోయేవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్కచూసుకోవాలని ప్రభువు లూకా 14లో చెప్పిన మాట ఇంజనీర్లకూ వర్తిస్తుంది, అప్పు కాగితము మీద సంతకము పెట్టబోయే తండ్రికీ వర్తిస్తుంది. ఆ దుమ్ముగూడెములోనే హేగ్ దొర ప్రోత్సాహముతో కోయ సోదరుల మధ్య సువార్త పని మొదలైంది. పడవల దారి ఆగిపోయింది గాని, ఆ పని ఆగలేదు.

నాలుగవ మాట, ముఖ్యమైన మాట. మనము ఎక్కించుకున్నవారి ప్రాణము మన చేతిలో ఉంది. ఇక్కడే పిట్టగోడ వస్తుంది. మిద్దెమీద యజమాని పడతాడని దేవుడు చెప్పలేదు. ఎవరైనా పడితే అన్నాడు. వచ్చిన చుట్టము కావచ్చు, పక్కింటి పిల్లవాడు కావచ్చు. 2018 మే 15న మంటూరు దగ్గర గాలివానలో లాంచీ మునిగింది. అందులో ఉన్నవారు ఎక్కువమంది కొండ గ్రామాల గిరిజనులు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర, గోదావరి వరదమీద ఉండగా, పాపికొండలు చూడబోయినవారి బోటు మునిగి దాదాపు 50 మంది చనిపోయారు. ఆ బోటును పైకి తీయడానికి నెల దాటింది. ఆ రేవుల్లో ఎదురుచూసిన తల్లిదండ్రుల కన్నీళ్లు మనము మరువరాదు. ఎవరిది తప్పు అని తేల్చడము నా పని కాదు. నా పడవలో, నా ఇంటిలో పిట్టగోడ ఉన్నదా అని అడుగుకోవడము నా పని.

పడవకు పిట్టగోడ అంటే ఏమిటి? ఎంతమంది ఎక్కితే అన్ని లైఫ్ జాకెట్లు, పిల్లలకు పిల్లల కొలతవి. అవి మూటకట్టి మూలన పెట్టినవి కాదు, ఒంటికి కట్టినవి. అడుగున చేరిన నీరు తోడే పంపు, అది ఆగితే చేతిలో ఒక బకెట్టు. డీజిలు ఉన్నచోట మంట ఆర్పే సిలిండరు. గట్టి తాడు, సరైన లంగరు. ఎంతవరకు బరువు వేయవచ్చో పడవ పక్కన గీసిన గీత, ఆ గీత మునిగితే ఇంకొకరిని ఎక్కించుకోనని చెప్పే ధైర్యము. ప్రభుత్వ చట్టము కూడా ఇదే చెబుతుంది. 1917 నాటి పాత చట్టము స్థానములో 2021లో కొత్త అంతర్దేశీయ నౌకల చట్టము వచ్చింది. ఇంజనుతో నడిచే పడవను నమోదు చేయించాలి, తనిఖీ చేయించి పత్రము తీసుకోవాలి, పెద్ద మార్పు చేస్తే అధికారులకు తెలియజేయాలి. కొందరు దీన్ని బాధ అనుకుంటారు. నేను దీన్ని పిట్టగోడ అంటాను.

అయిదవ మాట. కట్టివేయవలసిన రోజు తెలిసి ఉండాలి. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము చదవండి. ఈ ప్రయాణము ప్రాణాలకు కూడా నష్టము తెస్తుందని పౌలు హెచ్చరించాడు. శతాధిపతి ఆ మాటకంటె నావికుని మాట, ఓడ యజమాని మాట ఎక్కువ నమ్మాడు. వారికి అనుభవము ఉంది, ఓడ ఉంది, సరుకు ఉంది, తొందర కూడా ఉంది. దక్షిణపు గాలి మెల్లగా వీచగానే ఇక భయము లేదనుకొని బయలుదేరారు. తరువాత ఓడ విచ్చిపోకుండా చుట్టూ తాళ్లు బిగించవలసి వచ్చింది. సరుకు సముద్రములో పారవేయవలసి వచ్చింది. దేవుని కృపవలన 276 మంది ప్రాణాలు దక్కాయి గాని ఓడ దక్కలేదు.

మన భద్రాచలములో నీటిమట్టము 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చింది. ఈ అంకెలు నది పలికే మాటలు. సెలవు రోజు, జనము రేవులో నిలబడి ఉన్నారు, డబ్బు చేతిలో పెడుతున్నారు. ఆ రోజున పడవను చెట్టుకు కట్టి, ఈ రోజు నడపను అని చెప్పగలవాడే నిజమైన సరంగు. అప్పు ఎక్కువైన పడవ యజమాని ఆ మాట చెప్పడము చాలా కష్టము. వాయిదా అతని చెవిలో నదికంటె గట్టిగా అరుస్తుంది. అందుకే సహోదరుడా, అప్పు కూడా ఒక బరువే అని మరువకు. అది పై అంతస్తుకంటె పైన కూర్చుండే బరువు.

కాబట్టి ఆ సహోదరునికి నా జవాబు ఇది. నీ కొడుకు ఆశను చంపవద్దు. కష్టపడి ఎదగాలనే మనసు దేవుడిచ్చినదే. అయితే నీ భార్య మాటతో మొదలుపెట్టు. ఈ ఎండాకాలము పడవను ఒడ్డుకు లాగి, బోర్లించి, పలక పలకా తట్టి చూడండి. ఆ పని నీ కొడుకు చేతనే చేయించు. మెత్తబడినవి తీసివేసి గట్టివి వేయించండి. తరువాత పడవలు కట్టే పనివానిని, తనిఖీ చేసే అధికారిని అడిగి, ఆ పడవ మోయగల ఇంజనునే పెట్టించండి. పై అంతస్తు మానుకొని, ఎండకు తేలికైన పైకప్పు వేసుకోండి. జాకెట్లు కొన్న తరువాతనే పాటల పెట్టె సంగతి ఆలోచించండి. వాయిదా కట్టలేని నెలలో కూడా పడవను కట్టివేయగలిగినంత అప్పే తీసుకోండి. అప్పుడు మీ ఇంటిల్లిపాది నెమ్మదిగా నిద్రపోతారు.

వింటున్న ప్రియ శ్రోతా, నీకు పడవ లేకపోవచ్చు. నీకు ఆటో ఉంది, అందులో బడి పిల్లలను ఎక్కించుకుంటావు. నీకు ట్రాక్టరు ఉంది, పెండ్లివారిని ట్రక్కులో కూర్చోబెడతావు. ఇంటిమీద ఇంకొక అంతస్తు వేస్తున్నావు. సంఘములో కొత్త బాధ్యత, ఊరిలో కొత్త పేరు వచ్చింది. దేవుడు నీకు పైన పెంచాడు, స్తోత్రము! నీ అడుగు పలకల సంగతి ఏమిటి? ఎవరికీ కనబడని నీ ప్రార్థన, నీ మాట నిలకడ, నీ ఇంట్లో నీ ప్రవర్తన, ఇవి గట్టిగా ఉన్నాయా? నిన్ను నమ్మి ఎక్కినవారికి పిట్టగోడ ఉన్నదా? ఈ రోజు సాయంత్రము మీ ఇంటివారంతా కూర్చుండి, ముందుగా ఏ పలక మార్చాలో ఒకరినొకరు అడగండి. ఇంట్లో అందరికంటె మెల్లగా మాట్లాడేవారి మాట ముందు వినండి.

ప్రార్థన చేసుకుందాం. ప్రేమగల మా పరలోకపు తండ్రీ, మాకిచ్చిన ఇండ్ల కొరకు, బండ్ల కొరకు, పడవల కొరకు నీకు స్తోత్రము. కనబడని చోట మమ్మును గట్టిపరచుము. మమ్మును నమ్మి ఎక్కినవారిని క్షేమముగా ఒడ్డు చేర్చే భయభక్తులు మాకు దయచేయుము. నదిమీద ఆప్తులను పోగొట్టుకొన్న కుటుంబాలను ఆదరించుము. ఈ రోజున నీళ్లమీద ఉన్న ప్రతివారిని కాపాడుము. యేసు నామమున వేడుకొంటున్నాము తండ్రీ, ఆమేన్.