మాల్టాలో ఒక పూట భోజనం

విదేశాలు చూసొచ్చినవాళ్ళు కోటల గురించీ సముద్రాల గురించీ చెబుతారు. నేను మాత్రం ఓ గిన్నెడు సూపు గురించి చెబుదామని వచ్చాను.

మా అమ్మాయి మాల్టాలో నర్సు. ఇటలీకి కింద, మధ్యధరా సముద్రంలో చిన్న దీవి అది; పొడవు 27 కిలోమీటర్లే. కిందటేడు నేను వెళ్ళినప్పుడు రాజధాని వలెట్టాలో, మెట్ల సందులో ఉన్న ఓ చిన్న హోటలుకి తీసుకెళ్ళింది. లేత పసుపు రాతి గోడలు, ఎనిమిది బల్లలు, అంతే. ఎవరింటి వసారాలోనో కూర్చున్నట్టుంది. అక్కడి పాత వంటల్నే కొత్త పద్ధతిలో చేసి పెడతారట.

ముందు ఫ్తీరా వచ్చింది. పులిసిన పిండితో కాల్చే చదును రొట్టె. 2020లో యునెస్కో దీన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. నంజుకోవడానికి బిగిల్లా: ఎండు చిక్కుడుజాతి గింజలు ఉడకబెట్టి, వెల్లుల్లీ మిరపా వేసి మెదిపిన ముద్ద. మన పప్పుపచ్చడికి అక్కగారనుకోండి. కుందేలు మాంసం వాళ్ళకి ఘనమైన వంట. అది మా అల్లుడికి వదిలేశాను.

మెనూ చదువుతూ మా అమ్మాయి ఒకచోట తడబడింది. “ఇది కూరగాయల సూపులేమ్మా” అని దాటేయబోయింది. సొప్పా తల్ అర్మ్‌లా అని పేరు. “అర్మ్‌లా అంటే ఏమిటే?” అన్నాను. కాస్సేపు ఊరుకుని, “విధవరాలు” అంది, గొంతు తగ్గించి.

మావారు పోయి పదకొండేళ్ళు. పేరంటానికి పిలవడం మానేసినవాళ్ళున్నారు. పిలిచి, తాంబూలం దగ్గర నన్ను దాటిపోయినవాళ్ళూ ఉన్నారు. అలాంటిది ఆ మాటే ఒక వంటకి పేరై, నలుగురూ అడిగి తెప్పించుకోవడమా! వడ్డించే పిల్లని అడిగాను. చవకగా దొరికే కూరలతో అయిపోతుంది గనుక ఆ పేరట. ఇరుగుపొరుగు తలా గుప్పెడు కూరలిస్తే ఆవిడ కుండ నిండేదనీ చెబుతారట.

అదే తెప్పించమన్నాను. బంగాళాదుంప, కాలీఫ్లవరు, బఠాణీ మెత్తగా రుబ్బి, వడగట్టి పోశారు. మధ్యలో జ్బెయ్నా అనే గొర్రెపాల చీజు ముద్ద, రొట్టెపొడి అద్ది వేయించింది. పక్కన మెత్తగా ఉడికిన గుడ్డు. రుచికి వంక లేదు. కాని ఆ వడగట్టడమే నాకు నచ్చలేదండీ. ఎవరెవరు ఏమిచ్చారో గిన్నెలో కనబడొద్దూ?

ఇంటికొచ్చాక నేనూ చేస్తున్నాను. ఉల్లిపాయ కాస్త నూనెలో మగ్గనిచ్చి, కూరలన్నీ ముక్కలుగానే వేసి, మునిగేలా నీళ్ళుపోసి ఉడికించండి. నూల్‌కోల్ ఉంటే మానకండి, తియ్యదనమంతా దానిదే. దించేముందు పనీరు ముక్కలు వేసి, గుడ్డు తినేవారైతే అందులోనే కొట్టి మూతపెట్టండి.

మొన్న పక్కింటి అమ్మాయి రెండు నూల్‌కోల్‌లిస్తే వండి, ఆ గిన్నెలోనే పోసి పంపాను. “దీన్నేమంటారు పిన్నిగారూ?” అని వచ్చి అడిగింది. అసలు పేరే చెప్పాను.