సారు పెట్టెకు గాలి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"ఇంజనీరువు గదా, టెక్నాలజీ మీద రెండు మాటలు చెప్పు" అన్నారు సంఘం వాళ్లు. నేను హార్మోనియం గురించి చెబుతాను.

పొద్దున ప్రార్థనకు మన లెక్కల సారే హార్మోనియం వాయించేవారు. మూడేళ్ల కింద ఆయనకు పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది గానీ ఎడమ చెయ్యి లేవదు. మన పెట్టెలో మెట్లు కుడిచేతికి, తిత్తి ఎడమచేతికి. వేళ్లు ఆడుతున్నా ఊదే చెయ్యి లేదు. పోయిన దసరాకు సారును చూడబోతే పెట్టె మీద దుప్పటి కప్పి ఉంది.

రాత్రిపూట కంప్యూటర్‌లో పాటలు రికార్డు చేసుకోవడం నాకు అలవాటు. దానికి వాడే కీబోర్డు, నాబ్‌ల పెట్టెను కంట్రోల్ సర్ఫేస్ అంటారు. అది తనంతట తాను పలకదు, కబురు మాత్రం పంపుతుంది. ఆ కబుర్ల భాష పేరు మిడి. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, 1983 జనవరిలో అమెరికాలో ఒక ప్రదర్శనలో సీక్వెన్షియల్ వారి ప్రాఫెట్-600ను, జపాన్ రోలాండ్ వారి జూపిటర్-6ను తీగతో కలిపారు. ఒకరి మెట్టు నొక్కితే పోటీ కంపెనీ వాద్యం పలికింది. ఇప్పటికీ ఆ భాషే. నాబ్ తిప్పితే మూడు బైట్లు పోతాయి: ఏ చానెలు, ఏ నంబరు, 0 నుంచి 127లో ఎంత. సెకనుకు 31,250 బిట్ల వేగంతో అది ఒక మిల్లీసెకను పని.

సామాను సంచిలో వేసుకుని బాసర రైలెక్కాను. కంప్యూటర్‌లో హార్మోనియం ధ్వని పెట్టి మెట్లు సారు ముందుంచాను. నాలుగు మెట్లు నొక్కి, "గాలేదిరా? కాలింగ్ బెల్లు లెక్క మోగుతున్నది" అన్నారు.

నిజమే. గాలిని కుడికాలికి ఇవ్వాలి. కీబోర్డుకు ఫుట్ పెడల్ తగిలించాను. సాఫ్ట్‌వేర్‌లో 'లెర్న్' నొక్కి పెడల్ కదిపితే అదే పట్టుకుంటుంది. 7వ నంబరు మొత్తం వాల్యూమ్‌కు, 11 దాని లోపల స్వరం ఉబ్బడానికి, తగ్గడానికి. నేను 11 తీసుకున్నాను. సారు పాదం నొక్కితే శబ్దం ఆగిపోయింది, ఎత్తితే మోగింది. పోలారిటీ తిరగబడింది. "మైనస్ గుర్తు మరిచినవ్. అప్పుడూ గదే తప్పు" అన్నారు.

అది సరిచేశాక ఇంకో తంటా. 0కు వస్తే స్వరం కత్తిరించినట్టు తెగుతోంది. అసలు పెట్టె లోపల కొంత గాలి మిగిలి ఉంటుంది కదా. కింది హద్దు 25కు పెంచాను. మర్నాడు ఫైలు తెరిస్తే సాఫ్ట్‌వేర్ గుర్తుపెట్టుకున్నది ఒకటి, పాదం ఉన్నచోటు ఒకటి. కదపగానే స్వరం ఎగిరిపడి సారు ఉలిక్కిపడ్డారు. 'పికప్' పెట్టాక, పెడల్ పాత విలువ దగ్గరికి వచ్చేదాకా సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టించుకోలేదు.

స్వరం వంచే చక్రం కూడా చూపించాను. గమకం పలకదనే 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించింది, 1971లో గాని సడలించలేదు. "పెట్టెకు లేనిది నాకెందుకు" అని సారు చక్రం వైపు చూడనే లేదు.

నేను హైదరాబాదు వెళ్లిన వారానికి ఫోను వచ్చింది. మీటింగులో ఉన్నాను, తర్వాత మరిచాను. రెండు రోజులకు చేస్తే ఆయన మనవరాలు ఎత్తింది. పెడల్ నొక్కినా గాలి రావడం లేదట. పాదం కూడా పడిపోతోందనుకుని సారు రెండు రోజులుగా ఎవరికీ చెప్పకుండా మంచం మీదే ఉన్నారట.

వీడియో కాల్‌లో మిడి మానిటర్ తెరిపించాను. పెడల్ నొక్కమంటే 11 బదులు 7 వస్తోంది. దుమ్ము తుడుస్తుంటే ప్రీసెట్ గుండీ నొక్కుకుంది, అంతే. కాలు కాలుగానే ఉంది. పాప గుండీ మార్చి, "తాతా, మళ్లా నొక్కు" అన్నది. ఫోనులో నాకు ముందు వినబడింది పాట కాదు, ఒకే ఒక సా, చాలాసేపు.

ఇప్పుడు ఆ గుండీ మీద ప్లాస్టర్ అంటించి ఉంది. ప్రతి ఆదివారం ఫోను చేస్తున్నాను.

ఇవాళ పొద్దున మీరు విన్న ప్రార్థన ఆ పెట్టెదే. భోజనాల తర్వాత సారు మళ్లీ వాయిస్తారు. పిల్లలను నాబ్‌ల దగ్గరికి రానివ్వకండి.