కఫ్తాన్, ఖిల్లత్, మన కుట్టు మిషన్
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





మాడుగుల అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది హల్వా. హల్వా అన్నది అరబ్బీ మాట. అయితే గోధుమపాలు తీసి, నెయ్యి పోసి, పొయ్యి దగ్గర నిలబడి కలిపే చేతులు ఈ ఊరివి. అందుకే అది మాడుగుల హల్వా అయింది. ఈ రోజు మేము చెప్పదలచిన కఫ్తాన్ సంగతీ ఇలాంటిదే.

కఫ్తాన్ అంటే భుజాల నుంచి మడమల దాకా వదులుగా దిగే అంగీ. పారసీ, తుర్కీ భాషల్లో ఎప్పటి నుంచో ఉన్న మాట. ఉస్మానియా సుల్తానులు తొడిగిన పట్టు కఫ్తాన్లు ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపీ ప్యాలెస్ మ్యూజియంలో నేటికీ భద్రంగా ఉన్నాయి. మొరాకోలో పెళ్లికూతురి దుస్తు అదే. అంచుకు నేత పట్టీ, ముందు వరుసగా చేత్తో అల్లిన గుండీలు దాని అందం. 2025 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన సమావేశంలో యునెస్కో ఆ మొరాకో కఫ్తాన్‌ను మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. 1960లలో అది యూరప్ ఫ్యాషన్‌లోకి వెళ్లింది. ఇప్పుడు విశాఖ షాపుల్లో వేలాడుతోంది, మన ఆడపిల్లల ఫోన్లలో కనిపిస్తోంది.

వదులు అంగీతో మన కోస్తాకు పాత చుట్టరికమే ఉంది. కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నం రేవు నుంచి అద్దకం బట్టలు ఇరాన్‌కు ఓడల్లో వెళ్లేవి. కలంకారీ అన్న పేరే పారసీ మాట. ఈ తీరపు అద్దకం గుడ్డతోనే యూరపు వాళ్లు ఇంట్లో తొడుక్కునే పొడుగు అంగీలు కుట్టించుకుని, వాటిని ‘బన్యన్’ అన్నారు.

ఈ చరిత్రలో మన సంఘానికి పనికొచ్చే మాట మరొకటి ఉంది. అది ఖిల్లత్. రాజు ఒకరిని గౌరవించదలిస్తే నిండు కొలువులో అంగీ తొడిగించేవాడు. దైవప్రవక్త (స) కవి కఅబ్ బిన్ జుహైర్‌కు తాము కప్పుకున్న వస్త్రమే ఇచ్చారని చరిత్రకారులు చెబుతారు. అలాంటి వస్త్రం అందుకున్నవాడు తల ఎత్తుకుని వెళ్తాడు.

మరి మేము ఇచ్చిన బట్టలు అలా ఇచ్చామా? దాచకుండా చెప్పుకోవాలి. కిందటి రంజాన్‌కు చీరలు పంచాం. వేదిక వేశాం, మైకులో పేర్లు పిలిచాం, ఫొటోలు తీశాం. ఒక వితంతువు పేరు మూడుసార్లు పిలిచినా ఆమె రాలేదు. మర్నాడు చీర పట్టుకుని ఇంటికి వెళ్లాం. ఆమె తలుపు చాటు నుంచే, “చీర వద్దని కాదు బాబూ, నా పేరు ఊరంతా వినిపించడం వద్దు. నాకు మిషన్ తొక్కడం వచ్చు. కుట్టడానికి ఏమైనా ఉంటే ఇవ్వండి” అంది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది.

కఫ్తాన్ సంగతి అక్కడే మొదలైంది. కొత్తగా మిషన్ ఎక్కినవారికి జాకెట్టు కుట్టడం కష్టం. చంక కోత, డాట్లు, చేతుల అతుకు, ఏది తప్పినా గుడ్డ పాడవుతుంది. కఫ్తాన్‌కు ఆ భయం తక్కువ. రెండున్నర నుంచి మూడు మీటర్ల గుడ్డను నాలుగు మడతలు వేసి మెడ కత్తిరించాలి. పక్కలు తిన్నగా కుట్టి, అంచు మడిచి, నడుముకు డోరీ వేస్తే చాలు. కొలత ఒక అంగుళం అటూ ఇటూ అయినా ఒంటికి సరిపోతుంది.

“అది నైటీ కదా, వీధిలోకి ఎలా వస్తాం?” అని పెద్దమ్మలు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఒంటిని కప్పాలి, బిగుతుగా ఉండకూడదు, లోపలిది కనిపించకూడదు, ఆడంబరం కాకూడదు. ఇవీ మన కొలతలు. అందుకని మందపాటి నూలు గుడ్డ తీసుకున్నాం. మెడ మూసి, ముంజేతి దాకా చేతులు పెట్టించాం. మీద దుపట్టా వేసుకుంటే పండుగ దుస్తే. అయినా అందరూ అదే కట్టాలని మేము అనం. చీర కావాలన్నవారికి చీరే ఇస్తాం. ముందుగా ఇంటికి వెళ్లి అడుగుతాం.

దాతలకు మా విన్నపం ఇదీ. ఈ ఏడు రెడీమేడ్ బట్టల మూటలు పంపకండి. గుడ్డ ఇవ్వండి, కుట్టుకూలి వేరుగా ఇవ్వండి. గుడ్డ జకాత్ అర్హులకే చేరుతుంది. కుట్టుకూలిని మాత్రం సదఖా సొమ్ము నుంచే ఇస్తాం. రెండు పద్దులూ వేర్వేరుగా రాసి మీ ముందు పెడతాం. మీ ఒక్క రూపాయి ఇద్దరికి అందుతుంది. కట్టుకునే ఆమెకు బట్ట, కుట్టిన ఆమెకు కూలి. ఈసారి వేదిక ఉండదు, మైకు ఉండదు. బట్టలు కాగితంలో చుట్టి, పొద్దు వాలాక ఇళ్లకు చేరుస్తాం.

ఆ తలుపు చాటు మనిషి ఇప్పుడు మరో ఇద్దరికి కత్తిరింపు నేర్పుతోంది. పేరు మాత్రం చెప్పం. ఆమె అడిగింది అదొక్కటే కదా.

అల్లాహ్ మీ దానాన్ని, మా శ్రమను స్వీకరించుగాక. ఆమీన్.