వీధి గాయకులు – మన గ్రంథాలయము
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ పండుగనాడు పుస్తకములను గూర్చి ముచ్చటించుట మర్యాద. నేను పుస్తకములకు ఎక్కనివారిని గూర్చి మనవి చేయదలచితిని.

1741లో హోగార్త్ అను ఆంగ్ల చిత్రకారుడు లండను వీధి నొకదానిని రాగిరేకుపై చెక్కి అచ్చొత్తించెను. మేడ కిటికీలో ఫిడేలు విద్వాంసుడు చెవులు మూసికొని మండిపడుచున్నాడు. క్రింద నొకడు సన్నాయివంటి వాద్యము నూదుచున్నాడు. ఒక పేదరాలు బిడ్డ నెత్తుకొని కథాగేయము పాడుచున్నది. ఒక బాలుడు డోలు మ్రోగించుచున్నాడు. 1791లో కలకత్తాకు వచ్చిన సాల్విన్స్ అను ఫ్లెమిష్ చిత్రకారుడు మన దేశపు వాద్యములను, వాయించువారిని గూడ చెక్కెను. ఆ పటములలో వారి బట్టలు, వాద్యములు, నిలుచున్న తీరు మనకు దక్కినవి. ఆ తల్లి పేరేమో, ఆమె గొంతెట్టిదో పటము చెప్పజాలదు.

మన వీధులకును గాయకులు కొరవడలేదు. ధనుర్మాసమున అక్షయపాత్ర తలదాల్చి చిరుతలతో వచ్చు హరిదాసు, వేకువజామున బుడబుక్కలవాడు, సన్నాయితో గంగిరెద్దులవాడు, తంబురా మీటుచు బుర్రకథకుడు, వాని కిరుప్రక్కల వంతలు. వీరు అక్షరము రానివారికి రామాయణ భారతములను వినిపించిన నడచు గ్రంథాలయములు. అట్టి సంచార జీవనులలో దొమ్మరులవంటి కొందరి పేర్లు నేరస్థ జాతుల చట్టము రద్దగునంతవరకు పోలీసు రిజిస్టరులకే ఎక్కినవి! బుర్రకథకు వన్నె తెచ్చిన షేక్ నాజరు గారికి 1986లో పద్మశ్రీ లభించినది. వారి స్వీయచరిత్ర ‘పింజారి’ గ్రంథరూపమున నిలిచినది. అట్టి భాగ్యము ఎందరికి?

నా తప్పును గూడ చెప్పుకొందును. మా వాకిట హరిదాసుకు ముప్పదియేండ్లు బియ్యము వేసితిమి. గడచిన కనుమనాడు స్వయంపాకమునకు వచ్చినప్పుడు తొలిసారి పేరడిగితిని. “ఇన్నేళ్లకు అడిగారా బాబూ!” అని నవ్వి, తన కుమారుడీ పాటలు నేర్వలేదని చెప్పెను. ఆ నవ్వు నాకింకను గ్రుచ్చుకొనుచున్నది.

1914లో బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిపిన పెద్దలు పుస్తకమును పల్లెకు తెచ్చిరి. ఇక పల్లె గొంతును పుస్తకమున చేర్చుట మన వంతు. మన గన్నవరమునకు వచ్చు ప్రతి గాయకుని పేరు, ఊరు, గురువు పేరు, పాట, ఆతని సమ్మతితో వ్రాసి యుంచుటకు ఒక పుస్తకమును నేడే తెరువుడు. తొలి పుటలో మా హరిదాసు పేరు వ్రాయుటకు నాకు అనుమతి నిండు.