ఓడ జాబితాలు, ఇంటి మాటలు

వలస వెళ్లిన పూర్వీకుల జాడ తీయడంలో రుజువు సంగతి ఒక్కటే ఇవాళ మాట్లాడతాను.

1860 నవంబరు 16న మద్రాసు నుంచి ఒప్పంద కూలీలతో వెళ్లిన ట్రూరో ఓడ ఇప్పటి దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. అది మొదలు 1911 దాకా 1,52,000 మందికి పైగా ఒప్పంద కూలీలు ఆ రేవున్న నేటాల్‌కు వెళ్లారు. వారిలో ఎక్కువమంది మద్రాసు రేవులో ఓడెక్కినవారే. తమిళులతోపాటు విశాఖపట్నం, గంజాం, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్లూ అందులో ఉన్నారు. ఓడ జాబితాలో మనిషికొక వరుస: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది గుర్తులు. మోకాలి మీది మచ్చ రాయడానికి గడి ఉంది, ఇంటిపేరుకు లేదు. మనిషిని ఇంటిపేరుతో పోల్చుకునే మనకు దారి అక్కడే తెగింది. అక్కడ పుట్టిన పిల్లలకు చాలా ఇళ్లలో తండ్రి పేరో తాత పేరో ఇంటిపేరైపోయింది. ఇప్పుడు అప్పలస్వామి అన్న ఒక్క పేరు పట్టుకుని ఉత్తరాంధ్రలో వెదికితే ఊరూరా తేలతారు.

ఊరి గడినైనా నమ్ముదామా? జిల్లా గంజాం, తాలూకా చికాకోల్ అని ఉందనుకోండి. ఇప్పటి పటం పట్టుకుని ఒడిశాలోని గంజాం వెళితే ఫలితం ఉండదు. చికాకోల్ మన శ్రీకాకుళమే. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు అది విశాఖపట్నం జిల్లాలో కలిసింది, 1950లో తానే జిల్లా అయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. కాగితం అబద్ధమాడలేదు, మనం దాన్ని దాని కాలంలో చదవలేదు.

ఇంటి మాటకూ ఇలాంటి మెలికే ఉంది. "మాది మద్రాసు" అంటారు. ఓడెక్కిన రేవు సొంతూరై కూర్చుంది. ముత్తవ్వ భర్త వెంట వచ్చిందని చెప్పుకునే ఇంటివాళ్లకు, ఆమె ఒంటరిగా తన నంబరుతో, తన తండ్రి పేరుతో జాబితాలో కనిపించవచ్చు. అక్కడ కాగితానిదే పైచేయి. అదే ఇంట్లో పైడితల్లి అమ్మవారికి మొక్కు చెల్లించే ఆచారం మిగిలివుంటే, ఏ గడిలోనూ లేని విజయనగరం వైపు దారి కనబడుతుంది. అది దారే తప్ప రుజువు కాదు. కూలీలను కుదిర్చే మేస్త్రీల వెంట కాకినాడ, విశాఖ రేవుల నుంచి రంగూన్ వెళ్లినవారికైతే ఇలాంటి ఒప్పంద జాబితా ఆసరా కూడా లేదు. అక్కడ ఇంటి మాటే మొదటి ఆధారం.

2024 మార్చిలో మారిషస్‌లో మన రాష్ట్రపతి అక్కడి భారత సంతతిలో ఏడో తరం వారికీ ఓసీఐ (విదేశీ భారత పౌరసత్వ) కార్డు ఇస్తామని ప్రకటించారు. సంతోషమే. మారిషస్‌లోని మోకా పట్టణంలో ఉన్న మహాత్మాగాంధీ సంస్థ వలసదారుల రిజిస్టర్లను, ఫొటోలను భద్రపరిచింది కనుక అక్కడివారికి కొంత మేలు. అయితే కార్డు కోసమో, గొప్ప కోసమో దొరికిన మొదటి పేరును తాతగా నిలబెట్టే తొందర మంచిది కాదు. ఒక తప్పు తాత వంశవృక్షంలోకి ఎక్కితే తర్వాతి తరం అతని ఊళ్లోనే బంధువులను వెదుకుతుంది.

అందుకే నా మనవి రెండు మాటల్లో. మొదటిది, ప్రతి వంశచరిత్రలో కాగితంలో చూసింది, ఇంట్లో విన్నది, మనం ఊహించింది వేర్వేరుగా రాయాలి. "బహుశా" అని రాసినంత మాత్రాన పరిశోధకుడి పరువు పోదు. రెండోది, ఇక్కడి మన పని. పాత తాలూకాల్లోని ఊళ్లు ఇప్పుడు ఏ మండలంలో ఉన్నాయో, అక్కడ ఏ ఇంటిపేర్లు ఉన్నాయో, ఏ ఇలవేల్పులను కొలుస్తారో పట్టిక కట్టాలి. డర్బన్‌లో కూర్చుని ఆ పట్టిక ఎవరూ కట్టలేరు. పాత శ్రీకాకుళం తాలూకాతో మొదలుపెడదామని ప్రతిపాదిస్తున్నాను. ఈ సాయంత్రపు సమావేశంలో దీన్ని చర్చించి, పని పంచుకుందాం.