మన కోడ్‌కి పట్టా ఎవరి పేరు మీద ఉంది?

(కలువాయిలో యానాది యువతతో మాట్లాడిన మాటలు)



తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! చెరువు కట్ట మీదో, ఆసామి తోట కాడో గుడిసె వేసుకుని కాపలా ఉండే బతుకు మన పెద్దోళ్లకు బాగా తెలుసు. గుడిసె మనం వేసిందే. నేల మాత్రం మనది కాదు. ఆసామికి కోపం వచ్చిన రోజు తట్టాబుట్టా సర్దుకోవాల్సిందే. అందుకే పట్టా అంటే మనకు ప్రాణం. ఈ రోజు అదే మాట కంప్యూటర్ గురించి చెప్తా.

అటవీ హక్కుల క్లెయిములు, ఇళ్ల స్థలాల అర్జీలు ఎక్కడ ఆగాయో చూసుకునేదానికి ఒక ఆప్ రాద్దామని మీలో కొందరు అంటున్నారు. మంచి పని. కోడ్ ఎక్కడ పెడతారంటే "గిట్‌హబ్‌లో అన్నా, ఫ్రీ గదా" అన్నారు. డబ్బులు అడక్కపోవడం వేరు, స్వేచ్ఛ వేరు.

ఒక సంగతి చెప్తా. లైనక్స్ రాసేవాళ్లు ఒకప్పుడు బిట్‌కీపర్ అనే కంపెనీ సాఫ్ట్‌వేర్‌ని ఉచితంగా వాడుకున్నారు. 2005లో కంపెనీ ఆ ఉచిత సదుపాయాన్ని ఆపేసింది. అంత పెద్ద ప్రాజెక్టు నడిరోడ్డు మీద నిలబడింది. అప్పుడు లైనస్ టోర్వాల్డ్స్ కూర్చుని గిట్ రాశాడు. గిట్ అందరి పనిముట్టు. గిట్‌హబ్ అలా కాదు, అది ఒక కంపెనీ స్థలం. 2018లో దాన్ని మైక్రోసాఫ్ట్ 750 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ఆ సైటును నడిపే కోడ్‌ని మనకు చూపించరు.

అయితే మనకేంది అంటారా? 2019లో అమెరికా ఆంక్షల పేరుతో ఇరాన్, సిరియా, క్రిమియాలో ఉన్నవాళ్ల ఖాతాలకు గిట్‌హబ్ ఆంక్షలు పెట్టింది. వాళ్లు చేసిన తప్పేమీ లేదు, ఉన్న చోటే తప్పయింది. 2014 డిసెంబరులో మన దేశ ప్రభుత్వమే గిట్‌హబ్‌తో కలిపి 32 సైట్లను ఆపమని ఆదేశించింది. తర్వాత తెరిచారనుకోండి. కానీ తాళం చెవి మన చేతిలో లేదని తెలిసిపోయింది గదా!

మరి ఏం చేయాలి? గిట్‌లో ఒక గొప్ప గుణం ఉంది. కోడ్‌ని పూర్తిగా దింపుకున్న ప్రతి ల్యాప్‌టాప్‌లో దాని చరిత్ర మొత్తం ఉంటుంది. కాబట్టి కోడ్ పోతుందనే భయం తక్కువ. అయితే తప్పుల మీద మనం రాసుకున్న చర్చలు, ఫిర్యాదులు ఆ సైటులోనే ఉండిపోతాయి. వాటిని కూడా అప్పుడప్పుడు దింపి దాచుకోవాలి.

కోడ్‌బర్గ్ అని బెర్లిన్ కేంద్రంగా లాభాపేక్ష లేని సంఘం నడిపే చోటు ఉంది. అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసమే. అది నడిచే ఫోర్జెజో కూడా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. రేపు మనం నాలుగు డబ్బులు కూడేసి సొంత సర్వర్ పెట్టుకుంటే దాన్నే దింపుకుని నడుపుకోవచ్చు. కాకపోతే సర్వర్‌ని రోజూ చూసుకునే మనిషి కావాలి. ఆ మనిషి దొరికేదాకా కోడ్‌బర్గ్‌లో పెట్టండి. ఉద్యోగం ఇచ్చేవాళ్లు గిట్‌హబ్‌లోనే చూస్తారంటే అక్కడ ఒక నకలు ఉంచండి, తప్పు లేదు. అసలు ఇల్లు మాత్రం అక్కడ కట్టొద్దు.

లైసెన్సు లేని కోడ్ పట్టా లేని నేల లాంటిదే. ఎవరికి ఏ హక్కుందో తేలదు. ఏజీపీఎల్ పెట్టండి. మన కోడ్‌ని మార్చి సర్వర్‌లో నడిపి జనానికి అందించేవాడు, ఆ మార్పుల్ని కూడా వాడుకునేవాళ్లకు ఇవ్వాల్సి ఉంటుంది.

చివరి మాట, అన్నిటికంటే ముఖ్యం. ఒకప్పుడు నేరస్థ జాతుల చట్టం కింద మన వాళ్ల పేర్లు పోలీసు రిజిస్టర్లలో రాశారు. ఆ రిజిస్టర్ మన చేతిలో లేదు. ఇప్పుడు మన చేతులతో మనమే అలాంటి రిజిస్టర్ తయారుచేసి ఊరందరి ముందు పెట్టొద్దు. కోడ్ అందరిదీ. క్లెయిము పెట్టినోళ్ల పేర్లు, ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు మాత్రం కోడ్‌తో పాటు ఏ సైటులోనూ పెట్టకండి. గిట్ మర్చిపోదు. ఇవాళ చెరిపినా పాత చరిత్రలో కనబడతానే ఉంటుంది.

నేల కోసం కొట్లాడేవాళ్లం, కోడ్ కాడ కౌలుదారులం కావొద్దు. ఈ రాత్రికే ఒక పని చేయండి. మీ కోడ్‌ని ఇంకో చోటికి నకలు తీసి పెట్టండి.

జై ఆదివాసీ!